అత్తగారి వెన్నునొప్పి

సూదుల డాక్టరమ్మ గదిలో బల్ల ఉండదు. మొదటిసారి వచ్చినవాళ్ళు కుక్కను చంకలో పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోతారు. ఎక్కడ దించాలో తెలియక అటూ ఇటూ చూస్తారు. ఆవిడ అప్పటికే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటుంది. "కింద వదలండి. దానికి నచ్చిన చోట అది కూర్చుంటుంది. మీరూ కూర్చోండి," అంటుంది.

ఆ గది తాళాలు బాగుచేసే కొట్టు మీద, మేడ పైన ఉంది. కింద తాళంచెవులు అరగదీసే మిషను గీమన్నప్పుడల్లా పిల్లుల చెవులు వెనక్కి వాలతాయి. ఏ చెవి ముందు కదిలిందో, ఏది అసలు కదల్లేదో కూడా ఆవిడ కాగితం మీద రాసుకుంటుంది. మొదటి పది నిమిషాలూ జంతువును ముట్టుకోదు. ప్రశ్నలన్నీ ఇంటివాళ్ళకే. ఎండలో పడుకుంటుందా, నీడ వెతుక్కుంటుందా? పరుపు మీదా, గచ్చు మీదా? నీళ్ళు గటగటా తాగుతుందా, గుక్కెడు తాగి వచ్చేస్తుందా? ఇంట్లో గట్టిగా మాట్లాడేదెవరు? ఈ చివరి ప్రశ్న దగ్గరకొచ్చేసరికి మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆవిడ అదీ రాసుకుంటుంది.

ఆవిడకు యాభై మూడేళ్ళు. పొట్టి మనిషి, చేతివేళ్ళు మాత్రం పొడుగు. పశువైద్యంలో పట్టా ఉంది. ఓ పెద్ద జంతువుల ఆస్పత్రిలో పన్నెండేళ్ళు అందరు డాక్టర్లలాగే పనిచేసింది. అక్కడ ఒక్కో జంతువుకు ఆరు నిమిషాలు. తలుపు తెరుచుకోవడం, బల్ల మీదికి ఎత్తడం, ఇంజెక్షను, తర్వాతి నంబరు. ఆ వేగంలో ఆవిడను మించినవాళ్ళు లేరని పేరు కూడా తెచ్చుకుంది.

పన్నెండో ఏట ఆ ఆస్పత్రికి ఎనభైకి దగ్గరపడిన ఒక డాక్టరు అతిథిగా వచ్చాడు. చైనాలో తొమ్మిదేళ్ళుండి జంతువులకు ఆక్యుపంక్చర్ చేయడం నేర్చుకున్న మనిషి. ఆ రోజుల్లో అక్కడ వెనక కాళ్ళు పడిపోయిన పొట్టికాళ్ళ కుక్క ఒకటి ఉంది. దాని గుండె బలహీనంగా ఉండడంతో ఆపరేషను చేసే వీల్లేదన్నారు. పెద్దాయన వారానికి రెండుసార్లు దాని వెన్ను పొడుగునా సన్నటి సూదులు గుచ్చి పక్కన కూర్చునేవాడు. తోటి డాక్టర్లు నడవాలోంచి తొంగిచూసి నవ్వుకుని వెళ్ళేవారు. నాలుగోవారం ఆ కుక్క తూలుతూ లేచి నిలబడింది. రెండడుగులు వేసి, ఆయన బూటు మీద ఉచ్చ పోసింది.

"ఇన్నేళ్ళలో నాకు జరిగిన సన్మానాల్లోకెల్లా ఇదే గొప్పది," అన్నాడు పెద్దాయన బూటు విప్పుకుంటూ.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం కొట్టలేదు. "అది దానంతటదే లేచేదేమో కదండీ? కొన్ని లేస్తాయి," అంది.

ఆయన విప్పిన బూటు పక్కన పెట్టాడు. "లేచేదేమో. నాకూ తెలీదు. ఆ ప్రశ్న మాత్రం వదిలిపెట్టకమ్మా. అది వదిలేసిన రోజున నువ్వు డాక్టరువి కాదు, గారడీ చేసేదానివి. నేర్చుకుంటావా?"

నేర్చుకుంది. మొదటి మూడు నెలలూ ఆయన సూది ముట్టుకోనివ్వలేదు. కాగితం కింద తలవెంట్రుక పెట్టి, కళ్ళు మూసుకుని వేలితో వెతకమనేవాడు. తర్వాత రెండు కాగితాలు, ఆ తర్వాత మూడు. ఇంట్లో భోజనాల బల్ల మీద ఆవిడ ఆ సాధన చేస్తుంటే, లెక్కల మాస్టారైన భర్త పక్కన కూర్చుని, "వెంట్రుకలు కావాలంటే చెప్పు, నా తల మీద మిగిలినవి నాలుగే, పొదుపుగా వాడుకో," అనేవాడు. ఏడు కాగితాల కింద వెంట్రుక దొరికిన రోజున పెద్దాయన మొదటి సూది చేతికిచ్చాడు.

ఆస్పత్రి వదిలేసి సొంతంగా గది తెరిచిన కొత్తలో ఆవిడకు రెక్కలొచ్చినట్టు ఉండేది. గోడకు తల బాదుకునే చిలుకలు, ఒంటరిగా ఉండలేక తలుపులు గీకేసే కుక్కలు, ఎవరికీ అంతుపట్టని దురదలు అన్నీ ఆ మెట్లెక్కి వచ్చేవి. చాలావరకు నెమ్మదించి వెళ్ళేవి. ఆ ఊపులోనే ఓ తప్పు చేసింది. పూలకొట్టు ఆవిడ పెంచే ముసలి పిల్లి తిండి మానేసింది. సూదుల డాక్టరమ్మ దాని నాలుక చూసింది, నాడి చూసింది, ఒంట్లో వేడి చేసిందనుకుంది. సూదులు పెట్టింది, చలవ చేసే తిండి చెప్పింది. రెండు వారాలు గడిచాయి. మూడోవారం రక్తపరీక్ష చేయిస్తే మూత్రపిండాలు చాలా మటుకు పోయాయని తేలింది. ముందే చూసి ఉంటే ఆ పిల్లి ఇంకో ఏడాది హాయిగా బతికేది. పూలకొట్టు ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేదని డాక్టరమ్మకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత నుంచి ఆవిడ దగ్గర ఒకటే పద్ధతి. రక్తపరీక్ష, ఎక్స్‌రే, అవసరమైతే మందులు. ఇవన్నీ ముందు. సూది వీటి పక్కన కూర్చుంటుంది తప్ప వీటి కుర్చీ లాక్కోదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు మొదటిరోజే ఆ పిల్లి సంగతి చెబుతుంది, తన తప్పును ఒక్క ముక్క కూడా తగ్గించకుండా.

ఇది జరిగిన పదిహేనేళ్ళకు అత్తగారి కేసు వచ్చింది.

అత్తగారంటే గుర్రం. ఊరి చివర పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే బడి ఒకటుంది. అక్కడున్న పద్దెనిమిదేళ్ళ ముదురు గోధుమరంగు ఆడగుర్రం అది. తొట్టి దగ్గర ముందు తనే తినాలి, గేటు ముందు తనే దాటాలి, కుర్ర గుర్రాలు గంతులేస్తే చెవులు వెనక్కి పెట్టి ఒక్క చూపు చూస్తుంది. అందుకని పిల్లలు దానికి అత్తగారని పేరు పెట్టారు. ఇంత పెత్తనమూ తోటి గుర్రాల మీదే. వీపు మీద పసివాళ్ళున్నారంటే మాత్రం నిండుకుండ పట్టుకున్నట్టు నడిచేది. తొమ్మిదేళ్ళపాటు ఒక్కరిని కూడా పడేయలేదు.

అలాంటిది ఉన్నట్టుండి మారిపోయింది. జీను కనబడితే చాలు, పళ్ళు బయటపెడుతోంది. పట్టీ బిగించబోయిన కోచ్ చేయి కొరికింది. ఆఖరికి ఓ పదేళ్ళ పిల్లను కింద పడేసింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ, ఆ పిల్ల వారంపాటు బడివైపు చూడనంది.

"పొగరండీ. వయసొచ్చేకొద్దీ పొగరు పెరిగింది," అన్నాడు మేనేజరు ఫోనులో. "మా డాక్టరుగారు అన్నీ చూశారు. కాళ్ళు బాగున్నాయి, పళ్ళు బాగున్నాయి, కడుపులో పుండ్లు లేవు, రక్తం బాగుంది. ఇక అమ్మేద్దామనే అనుకుంటున్నాం. మా కోచ్ ఒక్కసారి మీకు చూపిద్దామని ప్రాణం తీస్తోంది."

"కొరికించుకున్న కోచేనా?"

"ఆవిడే."

"అయితే తప్పకుండా వస్తాను," అంది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. గుర్రపుశాలలో ఎండుగడ్డి వాసన, తడిసిన తోలు వాసన కలిసి వస్తున్నాయి. డాక్టరమ్మ ఓ బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుంది. మేనేజరు వాచీ చూసుకున్నాడు. ఆవిడ కదల్లేదు. అత్తగారు ఎడమ ముందుకాలి మీద బరువు వేయకుండా కొంచెం ఓరగా నిలబడుతోంది. ఈగ వాలినప్పుడు కుడివైపైతే చర్మం కదిపి ఊరుకుంటోంది. ఎడమవైపైతే తల తిప్పి కొరకబోతోంది.

పావుగంటయ్యాక లేచి, ముందు నాలుక చూసింది. అది కొద్దిగా ఊదారంగుకు తిరిగి ఉంది. పాతకాలపు చైనా వైద్యులు దాన్ని ఎక్కడో రక్తం నిలిచిపోయిందనడానికి గుర్తుగా చెబుతారు. తర్వాత మెడ దగ్గరనుంచి తోకదాకా, వెన్నెముకకు ఇరుపక్కలా వేలితో మెల్లగా నొక్కుకుంటూ వెళ్ళింది. మూపు దాటిన బెత్తెడు దూరంలో, ఎడమవైపు, వేలు ఆనీ ఆనకముందే గుర్రం వీపంతా కిందికి కుంగింది.

"చూశారా?" అంది కోచ్ గుసగుసగా.

"చూశాను. ఇది పొగరు కాదండీ," అంది డాక్టరమ్మ మేనేజరు వైపు తిరిగి. "మీ మెడ పట్టేసినప్పుడు ఎవరన్నా వెనకనుంచి వచ్చి చేయి వేస్తే మీరేమంటారు?"

"బూతులు తిడతాను."

"ఇది కొరికింది. అంతే తేడా."

ఆ రోజు ఏడు సూదులు పెట్టింది. నాలుగు నొప్పి చుట్టూ, రెండు వెనకకాళ్ళ మీద, ఒకటి నడినెత్తిన. మొదటి రెండింటికీ అత్తగారు గిట్ట నేలకేసి కొట్టింది. నాలుగోదానికి పెద్దగా ఊపిరి వదిలింది. పది నిమిషాలకు తల వేలాడేసింది. కింది పెదవి కూడా వేలాడింది. అంతటి పెత్తందారు గుర్రం అందరి ఎదుటా నోరు తెరుచుకుని జోగుతుంటే, కోచ్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అయిపోయినట్టేనా? రేపు పిల్లల్ని ఎక్కించొచ్చా?" అన్నాడు మేనేజరు.

"వద్దు. మూడురోజులు ఊరికే నడిపించండి. తర్వాత పెద్దవాళ్ళెవరన్నా ఎక్కండి. ఏమవుతుందో నాకు చెప్పండి."

మూడురోజులూ గుర్రం బంగారంలా ఉంది. నాలుగోరోజు కోచ్ ఎక్కింది. ఐదోరోజుకల్లా మళ్ళీ పళ్ళు బయటపెట్టింది. డాక్టరమ్మ వెళ్ళి చూస్తే, నొప్పి అదే చోట, అదే వేడితో, వేలెడు కూడా జరగకుండా కూర్చుని ఉంది. మళ్ళీ సూదులు పెట్టింది, మళ్ళీ తగ్గింది. ఎక్కగానే మళ్ళీ వచ్చింది.

ఇక్కడ వేరొకరైతే సూదులు పెంచేవారు. లేదా ఇది నయమయ్యేది కాదని చేతులు దులుపుకునేవారు. డాక్టరమ్మ బకెట్టు మీద కూర్చుని ఆలోచించింది. తన సూది దాని పని అది చేస్తోంది. ఆ విషయంలో ఆవిడకు అనుమానం లేదు. తను తీసిన నొప్పిని ఎవరో తిరిగి పెడుతున్నారు.

"దీని జీను పట్టుకురండి," అంది.

కోచ్ తెచ్చి కర్ర మీద పెట్టింది. నల్లటి తోలు, చక్కగా నూనె పట్టించి ఉంది. అంచుల్లో రెండు వరసల కుట్టు, రెండో వరస మొదటిదానికి సగం జరిగి. డాక్టరమ్మ ఆ కుట్టును వేలితో తడిమింది. లోపల ముద్ర చూడక్కర్లేదు. చిన్నప్పుడు ఆవిడ బడిసంచీ అంచున ఉన్న కుట్టు కూడా అదే. ఆ జీను చేసింది ఆవిడ అన్నయ్య.

అన్నయ్యకు అరవై రెండేళ్ళు. నలభై ఏళ్ళుగా జీనులు కుడుతున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నో గుర్రాలకు జీనులు చేశాడు, ఒక్కటంటే ఒక్కటి తిరిగొచ్చింది లేదు. ఆ మాట అతను భోజనం దగ్గర, పెళ్ళిళ్ళలో, దంతాల డాక్టరు దగ్గర నోరు తెరవమన్నప్పుడు కూడా చెబుతాడు. చెల్లెలి సూదులంటే అతనికి పడదని కాదు. "నువ్వూ సూదే, నేనూ సూదే. నా సూదికి కనీసం దారం ఉంటుంది," అని ఆటపట్టిస్తాడు.

ఆవిడ ఆ సాయంత్రమే అన్నయ్య కొట్టుకు వెళ్ళింది. దారిలో నాలుగు రకాలుగా మాటలు కూర్చుకుంది. తీరా గుమ్మంలో అడుగుపెట్టాక అవన్నీ పక్కన పెట్టేసి, "అన్నయ్యా, నీ జీను ఓ గుర్రాన్ని గుచ్చుతోంది," అంది.

అన్నయ్య మైనం రాస్తున్న దారం వదలకుండానే తలెత్తాడు. "ఏ గుర్రాన్ని?"

"స్వారీ బడిలో ఆ ముదురు గోధుమరంగు దాన్ని. ఎడమవైపు, మూపు వెనక."

"నేను వెళ్ళి కొలత తీసి చేసిన జీనే అది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. సరిపోయిందని ఆ కోచే కదా అంది?"

"అది ఆరేళ్ళ కిందటి మాట."

"ఆరేళ్ళకు తోలు మారుతుందా? నీ సూదులకు తగ్గకపోతే నా జీను మీద పెడుతున్నావు. బాగుందే!"

"నా సూదులకు తగ్గింది కాబట్టే వచ్చాను. తగ్గి మళ్ళీ వస్తోంది. అదీ సరిగ్గా నీ జీను ఆనే చోటే వస్తోంది."

"కోచ్‌కి ఎక్కడం రాదేమో!"

"ఆవిడ పదిహేనేళ్ళుగా ఎక్కుతోంది."

గొంతులు లేచేసరికి లోపల్నుంచి వదిన వచ్చింది. ఇద్దరి మధ్యా కాఫీ గ్లాసులు పెట్టింది. "మీ అన్నాచెల్లెళ్ళు ఇక్కడ అరుచుకుంటే గుర్రానికి తెలుస్తుందా? వెళ్ళి దాన్నే అడగొచ్చుగా," అంది. ఆ ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ వదినదే.

మర్నాడు అన్నయ్య బడికి వచ్చాడు. మొహం గంటు పెట్టుకునే వచ్చాడు. చంకలో ఓ కాగితాల చుట్ట, చేతిలో ఎలా వంచితే అలా నిలిచే కొలత బద్ద. ప్రతి గుర్రం వీపు వంపునూ కాగితం మీద గీసి దాచుకోవడం అతని అలవాటు. ఆరేళ్ళ కిందటి అత్తగారి వీపు ఆ చుట్టలోనే ఉంది. బద్దను గుర్రం మూపు వెనక ఒత్తి, దించి, పాత గీత పక్కన పెట్టాడు.

కుడివైపు రెండు గీతలూ కలిసిపోయాయి. ఎడమవైపు మధ్యలో వేలు దూరేంత సందు వచ్చింది.

అన్నయ్య బద్దను మళ్ళీ ఒత్తి చూశాడు. మళ్ళీ అంతే సందు. అప్పుడతను బద్ద కింద పెట్టి, ఉత్త చేత్తో గుర్రం వీపు తడిమాడు. ఎడమవైపు కండ తగ్గి గుంటపడింది. ఆ గుంటలోకి జీను ఓ పక్కకు ఒరిగి, అంచు వెన్ను మీద కూర్చుంటోంది. ఎక్కే మనిషి బరువంతా ఆ ఒక్క అంచు మీదే పడుతోంది. గుర్రానికి వయసు మళ్ళి వీపు మారింది. జీను మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఇక్కడే కదా?" అన్నాడు చెల్లెలితో, ఓ చోట వేలు ఆపి.

"అక్కడే."

"దీన్ని ఇన్నాళ్ళూ మోసిందా ఇది?" అని గుర్రం మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. "ఏడాదికోసారన్నా వచ్చి చూడాల్సింది నేనే. జీను తిరిగి రాలేదంటే బాగుందనుకున్నాను. తిరిగి రాకపోతే బాగున్నట్టు కాదన్నమాట," అన్నాడు. నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్న గొప్ప మాటను అతను ఆ రోజే మానేశాడు. పూలకొట్టు ఆవిడ ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో గుర్తొచ్చి డాక్టరమ్మ వెంటనే, "నేనూ రెండు వారాలు జీను వైపు చూడకుండా సూదులు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఇద్దరికీ సగం సగం," అంది.

"నాకే ఎక్కువ," అన్నాడు అన్నయ్య. ఆ పంపకం గురించి ఇంకో ఐదు నిమిషాలు వాదించుకున్నారు.

జీను విప్పి, లోపల గడ్డకట్టిన ఉన్ని తీసేసి, కొత్త ఉన్ని కూరి, మళ్ళీ కుట్టడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. గుర్రానికి మాత్రం ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఎవరూ దాని వీపు ఎక్కలేదు. డాక్టరమ్మ వారానికోసారి వచ్చి సూదులు పెట్టేది. కోచ్ రోజూ పొద్దున గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఎడమవైపు కాపడం పెట్టేది. తర్వాత క్యారెట్ ముక్క చూపించి, మెడ అటూ ఇటూ తిప్పి అందుకునేలా చేయించేది. కండ పెరగడానికి చేయించే వ్యాయామం అది. అత్తగారు దాన్ని వ్యాయామంగా తీసుకోలేదు. క్యారెట్ ఇవ్వడానికి ఇంత నాటకమెందుకన్నట్టు చూసేది.

బడి డాక్టరుగారు మధ్యలో ఓసారి వచ్చి వీపు స్కాను తీసి, వాపు తగ్గుతోందని రాసిచ్చాడు. "దీంట్లో మీ సూదుల వాటా ఎంత, విశ్రాంతి వాటా ఎంత, జీను వాటా ఎంత?" అని అడిగాడు, వెటకారం లేకుండానే.

"జీనుదీ, విశ్రాంతిదీ పెద్ద వాటా. నా సూదులు నొప్పి తగ్గించాయి. నొప్పి తగ్గబట్టే మళ్ళీ ఎక్కడినుంచి వస్తోందో కనబడింది," అంది. "అంతకంటే చెప్పుకుంటే అది కోతలు కోయడమే అవుతుంది."

ఆయన నవ్వి, తన దగ్గరున్న ముసలి కుక్కకు కీళ్ళనొప్పులున్నాయని, ఓసారి తీసుకొస్తానని అన్నాడు.

ఆరు వారాలయ్యాక, ఓ ఎండకాసిన ఉదయం, కోచ్ జీను తెచ్చింది. అత్తగారు చెవులు వెనక్కి పెట్టింది. అన్నయ్య ఊపిరి బిగబట్టుకున్నాడు. జీను వీపు మీద ఆనింది. గుర్రం అలాగే నిలబడింది. ఒక చెవి ముందుకు వచ్చింది. కొంచెం ఆలోచించుకున్నట్టు రెండోది కూడా వచ్చింది. కోచ్ ఎక్కి మైదానం చుట్టూ రెండుసార్లు తిప్పింది. దిగాక డాక్టరమ్మ వేలితో నొక్కింది. వీపు కుంగలేదు.

కింద పడ్డ పదేళ్ళ పిల్ల కంచె బయట వాళ్ళమ్మ చేయి పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరమ్మే వెళ్ళి పిలిచింది. "నిన్ను పడేయాలని పడేయలేదమ్మా. దానికి వీపు నొప్పి పుట్టింది. చెప్పడానికి నోరు లేదు. ఇటు రా, చెయ్యి ఇక్కడ పెట్టు. చూశావా, ఇప్పుడు మెత్తగా ఉంది."

పిల్ల చేయి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. "మరి దాన్ని సారీ చెప్పమనండి," అంది చివరికి.

"అత్తగార్లు సారీ చెప్పరు," అంది వాళ్ళమ్మ చటుక్కున. కోచ్ పగలబడి నవ్వింది. పిల్లకు ఎందుకో అర్థం కాకపోయినా తనూ నవ్వింది. ఆ రోజు ఎక్కలేదు. వారం తర్వాత ఎక్కింది.

అత్తగారిని అమ్మలేదు. దూకే పందేలకు మాత్రం ఇక పంపకూడదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. రోజుకు ఒక గంట, అదీ చిన్నపిల్లలతోనే. మేనేజరు ఒప్పుకున్నాడు. కానీ నెల తిరగకుండానే మళ్ళీ ఫోను చేశాడు. "డాక్టరమ్మా, అది మళ్ళీ కొరికింది, ఈసారి నన్ను!"

ఆవిడ పరుగున వెళ్ళింది. వెన్నంతా నొక్కింది, నాలుక చూసింది, జీను చూసింది, కాళ్ళు చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"ఎప్పుడు కొరికింది?"

"మేత తొట్టి పక్కకు జరుపుతుంటే."

"దాన్ని అడగకుండానే జరిపారా?"

"అడగడమేంటండీ!"

"ఇది నొప్పి కాదు సార్, అభిప్రాయం," అంది డాక్టరమ్మ సూదుల పెట్టె మూసేస్తూ. "దీనికి నా దగ్గర మందు లేదు. తొట్టి ఎక్కడుండేదో అక్కడే పెట్టెయ్యండి."

ఇప్పుడు రెండు నెలలకోసారి అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆ బడికి వెళతారు. బడిలో పద్నాలుగు గుర్రాలున్నాయి. ముందు ఆవిడ వేలితో చూస్తుంది, తర్వాత అతను బద్దతో చూస్తాడు. ఇద్దరి మాటా కలిసేదాకా ఏ గుర్రం మీదా జీను వేయరు. కారులో మాత్రం మాట కలవదు. అద్దం దించాలని అతనూ, దుమ్ము వస్తుందని ఆవిడా బడి గేటుదాకా పోట్లాడుకుంటూనే వెళతారు.